గజ్జ హెర్నియా ఆపరేషన్: ఆ చోటికే మత్తా, నడుముకు సూదా?

(తెర మీద: నెల్లూరులో ఒక రైస్ మిల్లు, బస్తాలు మోస్తున్న హమాలీలు)

నమస్కారం. బస్తా ఎత్తగానే గజ్జలో ఉబ్బు కనబడుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. మిల్లు హమాలీలకూ, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారికీ ఈ బాధ కొత్త కాదు. పొట్ట గోడ బలహీనపడిన చోట కొవ్వో పేగో బయటికి తోసుకొస్తోందన్నమాట. కోసి, ఆ చోటికి దన్నుగా సన్నని వల (మెష్) అమర్చాలి అనగానే అందరూ అడిగేది ఒకటే: "నడుముకు సూది వేస్తారా డాక్టరుగారూ?"

ముందు ఆ సూది సంగతే చెబుతాను. రొయ్యలా ముడుచుకొని పక్కకు తిరగమంటాం. వెన్నుపాము ముగిసిన చోటుకు దిగువన, సన్నని సూదితో మందు ఎక్కిస్తాం. కాసేపటికి పాదాలు వెచ్చబడతాయి, ఆపైన కాళ్లు మీవి కానట్టు బరువెక్కుతాయి. కొన్ని గంటలు కదలవు. నొప్పి తెలియదు, కండరాలు వదులవుతాయి కనుక సర్జన్‌కూ సులువు. కొందరికి తర్వాత లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది. జీవితాంతం నడుము నొప్పి మిగులుతుందన్న మాట మాత్రం నమ్మకండి, దానికి ఆధారం లేదు.

మత్తు డాక్టరుగా నా దిగులంతా మూత్రం గురించి. మూత్రాశయాన్ని నడిపే నరాలు కూడా ఆ మందుకే మొద్దుబారతాయి. ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనకు సాయంత్రానికి పొత్తికడుపు రాయిలా బిగుస్తుంది, చుక్క రాదు, గొట్టం వేయాల్సి వస్తుంది. బీపీ కూడా పడిపోవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవారికి అది చిన్న విషయం కాదు.

(తెర మీద: గజ్జ భాగం బొమ్మ, నరాలు పసుపు రంగులో)

ఇక లోకల్, అంటే కోసే చోటికే ఇచ్చే మత్తు. లిగ్నోకైన్, బుపివకైన్ లాంటి మందును చర్మం కింద, లోపలి పొరల్లో, నరాల చుట్టూ విడతలవారీగా ఇస్తారు. కాళ్లు మీ అదుపులోనే ఉంటాయి. హెర్నియా సంచిని పట్టి లాగినప్పుడు మాత్రం తెలుస్తుంది, ఒక్కోసారి నొప్పి కూడా. ఓర్చుకోకండి, చెప్పండి, మందు మళ్లీ ఇస్తారు. వల కుట్టాక సర్జన్ "ఒకసారి దగ్గు పెద్దాయనా" అంటారు. దగ్గిన క్షణంలో పొట్ట గోడ ఉబ్బినా వల చెదరకుండా నిలిచిందా లేదా అన్నది కళ్లెదుటే తేలిపోతుంది. మూత్రం ఆగిపోవడం అరుదు, చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్లగలరు. తెరిచి చేసే ఆపరేషన్‌కు, ఈ పద్ధతిలో అనుభవమున్న సర్జన్ ఉంటే, 2018 నాటి అంతర్జాతీయ హెర్నియా మార్గదర్శకాలు లోకల్‌నే సిఫారసు చేశాయి. వయసు పైబడినవారికి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి నా మొగ్గు కూడా అటే.

బాగా లావుగా ఉన్నవారికి, హెర్నియా వృషణాల సంచిదాకా దిగినవారికి, మెలకువగా ఉండాలంటేనే వణికిపోయేవారికి లోకల్ నప్పదు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ల్యాపరోస్కోపీకైతే సాధారణంగా పూర్తి మత్తే కావాలి.

ఆపరేషన్ మాట అనుకున్న రోజే, ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. వాటిలో రక్తం పలచబరిచే మాత్ర ఉంటే, నడుముకు సూది వేసినప్పుడు వెన్నులో రక్తం కారి గడ్డగా పేరుకునే ప్రమాదం ఉండొచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో మేం చూసి చెబుతాం.