పున్నమి నాడు వదిలేయడం అంటే ఏమిటి? కృత్తికా చంద్రుడు, నీళ్ళలో దీపం

[దృశ్యం: సాయంసంధ్య. కాలువ మెట్లు. అరటి దొప్పలో రెండు ఆవునేతి వత్తులు వెలుగుతున్నాయి. ఒక చెయ్యి నీళ్ళను ముందుకు తోస్తోంది.]

ఈ చేతిని కాస్త జాగ్రత్తగా చూడండి. అది దీపాన్ని తొయ్యడం లేదు, దీపం వెనకున్న నీళ్ళను తోస్తోంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. దొప్ప దానంతట అదే కదిలి వెళ్తోంది.

నేను గోదావరి జిల్లాలో కాలువ గట్టున పెరిగాను. ఇది నాకు మా మామ్మ నేర్పింది. ఏడెనిమిదేళ్ళప్పుడు నేను వదిలిన దొప్ప గిరగిరా తిరిగి మళ్ళీ మెట్టు దగ్గరికే వచ్చేది. దాన్ని పట్టుకుని దూరంగా పెట్టబోతే మామ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ముట్టుకోకే అమ్మలూ. వదిలేశాక ఇంక అది మనది కాదు. నీళ్ళు తొయ్యి, అదే పోతుంది" అంది.

నమస్కారం అండీ. ఈ మధ్య పున్నమి వచ్చిందంటే చాలు, ఫోన్ నిండా "రిలీజ్ రిచువల్" వీడియోలే. బాధలన్నీ కాగితం మీద రాసి వెన్నెల్లో కాల్చెయ్యమంటారు. చేసి ఊరట పొందినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళను నేను తప్పు పట్టను. కానీ మన జ్యోతిషం పున్నమిని మనసు ఖాళీ చేసుకునే రోజుగా చూడదు. నిండిన రోజుగా చూస్తుంది. మరి నిండిన రోజున వదలడం ఏమిటి? ఈ వీడియో అంతా ఆ ప్రశ్న గురించే. దానికి ఒక్క కార్తీక పున్నమినే తీసుకుంటాను, ఎందుకంటే వదలడం గురించి అంత వివరంగా చెప్పే పున్నమి ఇంకొకటి నాకు కనబడలేదు.

[గ్రాఫిక్: మధ్యలో భూమి. ఒకవైపు సూర్యుడు, ఎదురుగా చంద్రుడు.]

ముందు లెక్క. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అలా 15 తిథులు గడిస్తే 180 డిగ్రీలు, అంటే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. దీన్నే జ్యోతిషులు సమసప్తకం అంటారు, ఒకరికొకరు ఏడో ఇంట్లో ఉండి నేరుగా చూసుకోవడం. సూర్యుడు ఆత్మకారకుడు, చంద్రుడు మనఃకారకుడు, అంటే ఒకరు ఆత్మకూ ఇంకొకరు మనసుకూ గుర్తు. పురుషసూక్తంలో "చంద్రమా మనసో జాతః" అని ఉంది, విరాట్పురుషుడి మనసులోంచి చంద్రుడు పుట్టాడని. అమావాస్యనాడు చంద్రుడు సూర్యుడి పక్కనే ఉండి కనబడకుండా పోతాడు. పున్నమినాడు పూర్తి వెలుగు, పూర్తి పక్షబలం, అంటే వెలుగును బట్టి చంద్రుడికి వచ్చే బలం. మనసులో ఏముందో మొత్తం పైకి కనబడే రోజని జ్యోతిషులు చెప్పేది ఇందుకే. ఆ రాత్రి పాత సంగతులు గుర్తొచ్చి కన్నీళ్ళొస్తే కంగారు పడకండి.

తిథులకు ఐదు గుంపులున్నాయి: నంద, భద్ర, జయ, రిక్త, పూర్ణ. చవితి, నవమి, చతుర్దశి రిక్త తిథులు. రిక్త అంటే ఖాళీ. పెళ్ళి ముహూర్తాలకు వాటిని తప్పిస్తారు. పంచమి, దశమి, పున్నమి పూర్ణ తిథులు. అంటే ఖాళీ అన్న పేరు పున్నమికి ముందురోజుది. పున్నమి పేరు మాత్రం నిండుదనానిదే.

[దృశ్యం: తూర్పున చంద్రోదయం. పక్కనే చిన్న చుక్కల గుత్తి.]

మన నెలల పేర్లన్నీ పున్నమి చంద్రుడు ఉండే నక్షత్రాన్ని బట్టి వచ్చినవే. చిత్త దగ్గరుంటే చైత్రం, విశాఖ దగ్గరుంటే వైశాఖం, కృత్తిక దగ్గరుంటే కార్తీకం. కచ్చితంగా ఆ నక్షత్రంలోనే ఉండాలని లేదు, ఒకటి అటూ ఇటూ అవుతుంది. 2025లో కార్తీక పున్నమి నవంబర్ 5న, ఆ సాయంత్రానికి చంద్రుడు కృత్తికకు ముందున్న భరణిలోనే ఉన్నాడు. 2026లో కార్తీక పున్నమి నవంబర్ 24న, ఆ సాయంత్రం కృత్తికలో ఉంటాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

కృత్తిక అధిదేవత అగ్ని. దాని ఆకారాన్ని మంగలికత్తిగా చెబుతారు. ఆ పేరులోనే కోయడం అన్న అర్థం ఉంది. అంటే తెంపే నక్షత్రం, కాల్చే నక్షత్రం. అదే కృత్తికలో ఆరుగురు తల్లులున్నారు, కుమారస్వామికి పాలిచ్చి పెంచినవాళ్ళు. కత్తీ పాలూ ఒకే చుక్కల గుత్తిలో! పైగా చంద్రుడి పరమోచ్చ స్థానం వృషభంలో 3వ డిగ్రీ, అది కృత్తిక రెండో పాదంలో పడుతుంది. అంటే మనసు అత్యంత బలంగా ఉండే చోటు, తెంపే కత్తి ఉన్న చోటు ఒకటే.

వృషభం రాశిచక్రంలో రెండోది: కుటుంబం, ధనం, తిండి, మాట. మనం పట్టుకుని ఉండేవన్నీ అందులో ఉన్నాయి. పున్నమి చంద్రుడు అక్కడ ఉన్న ఏడాది, దానికెదురుగా సూర్యుడు వృశ్చికంలో, ఎనిమిదో రాశిలో: మరణం, మార్పు, లోతుల్లో దాచినవి. ఒక చేత్తో పట్టుకున్నదీ, ఇంకో చేత్తో పోగొట్టుకున్నదీ ఆ రాత్రి ఎదురెదురుగా నిలబడతాయి. నేను పున్నమి అర్థాన్ని ఇలాగే చదువుకుంటాను.

ఒక చిన్న మాట. ఇంగ్లీషు వీడియోల్లో చెప్పే రాశికీ మన పంచాంగంలో రాశికీ పొత్తు కుదరదు. 2025 నవంబర్ పున్నమిని వాళ్ళు వృషభ పున్నమి అన్నారు, మన లెక్కలో చంద్రుడు మేషంలో ఉన్నాడు. వాళ్ళది సాయన పద్ధతి, ఋతువుల్ని బట్టి రాశులు లెక్కపెడతారు. మనది నిరయన, నక్షత్రాల్ని బట్టి. రెంటికీ మధ్య తేడా ఇప్పుడు దాదాపు 24 డిగ్రీలు. ఏదో ఒక పద్ధతి పట్టుకోండి, రెండూ కలిపితే అయోమయమే మిగులుతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. "సముద్రానికి పోటు వస్తోంది కదా, మన ఒంట్లో కూడా నీళ్ళే కదా, అందుకే పున్నమికి మనసు పొంగుతుంది" అని చాలామంది చెబుతారు. పెద్ద పోటు అమావాస్యకూ వస్తుంది. మనిషి ఒంట్లో నీళ్ళ మీద ఆ లాగుడు లెక్కలోకి రానంత తక్కువ. జ్యోతిషం నమ్మకం, సంప్రదాయం. దాన్ని సైన్సని చెప్పి మిమ్మల్ని నమ్మించడం నాకు ఇష్టం లేదు.

[దృశ్యం: భీమవరం గునుపూడి సోమేశ్వరాలయం, ఎదురుగా కోనేరు.]

అసలు వదలలేనివాడు ఎవరో తెలుసా? చంద్రుడే. దక్షుడి 27 మంది కూతుళ్ళను పెళ్ళి చేసుకున్నాడు, ఆ 27 నక్షత్రాలు వాళ్ళే. కానీ ఎప్పుడూ రోహిణి దగ్గరే ఉండిపోయాడు. మిగతావాళ్ళు తండ్రితో మొర పెట్టుకుంటే, క్షయించిపొమ్మని దక్షుడు శపించాడు. ప్రభాస క్షేత్రంలో శివుణ్ణి వేడుకుంటే శాపం పూర్తిగా పోలేదు, సగం దిగింది: పదిహేను రోజులు తరగడం, పదిహేను రోజులు పెరగడం. ఒక్కచోటే అతుక్కుపోయినవాడికి రోజుకొక ఇల్లు దాటడమే మందయింది.

ఆ చంద్రుడే ప్రతిష్ఠించాడని చెప్పుకునే లింగం మన పంచారామాల్లో ఒకటి, గునుపూడి సోమారామం. అక్కడి లింగం పున్నమికి తెల్లగా, అమావాస్యకు నల్లబడి కనిపిస్తుందని భక్తులు చెబుతారు. ఈసారి వెళితే రెండు రోజులూ చూడండి.

సరే, ఇక ఆచారాల దగ్గరికి వద్దాం.

[దృశ్యం: మట్టి మూకుడులో 365 వత్తుల కట్ట. వెలిగించగానే లేచిన మంట.]

365 వత్తులు. ఏడాదిలో రోజుకొకటి చొప్పున. దీపం పెట్టలేని రోజులు ఎన్నుంటాయో చూడండి: ఆఫీసు, ప్రయాణం, జ్వరం, బద్ధకం, కోపం. ఆ బాకీ అంతా ఒక్క సాయంత్రం తీరిపోతుంది. "నేను చెయ్యాల్సింది చెయ్యలేదు" అన్న బరువును దించుకోవడానికి మన ఆడవాళ్ళు పెట్టుకున్న ఇంతకన్నా దయగల ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదు. జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. కట్ట మొత్తం ఒక్కసారి అంటుకుంటే మంట బాగా లేస్తుంది. వెడల్పాటి మట్టి మూకుడులో, నేల మీద పెట్టండి. కొంగు దోపుకోండి. అమెరికాలో అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు పొగ అలారం సంగతి ముందే ఆలోచించుకోండి.

శివాలయాల్లో జ్వాలాతోరణం ఉంటుంది. రెండు కర్రలు పాతి, అడ్డకర్రకు ఎండుగడ్డి చుట్టి వెలిగిస్తారు, దాని కిందనుంచి పార్వతీపరమేశ్వరుల పల్లకీ మూడుసార్లు వెళ్తుంది. వెనకే జనం. నెత్తి మీద మంట, కాళ్ళ కింద రాలిన నిప్పురవ్వలు. ఎవరూ ఆగరు.

శ్రావణంలో వచ్చే జంధ్యాల పున్నమి కూడా ఒకటి గుర్తు చేస్తాను. ఆ రోజు కొత్త జంధ్యం వేసుకున్నాకే పాతది తీస్తారు, ఆ తర్వాతే దాన్ని విసర్జిస్తారు. ముందు నిండాలి, తర్వాతే వదలాలి. మొదట్లో అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. చేతిలో ఏమీ లేనివాడు వదిలేదేముంది? అందుకే మన పున్నమికి వదలడం అంటే దానం. దీపదానం, అన్నదానం, ఉసిరికాయ దానం, చలికాలం కాబట్టి కంబళి.

[దృశ్యం: మడత పెట్టిన బూడిదరంగు స్వెట్టర్. పక్కన దీపం.]

నా సంగతి చెబుతాను. నాన్న పోయిన రోజు మధ్యాహ్నం ఆయన నాకు ఫోన్ చేశారు. నేను మీటింగ్‌లో ఉండి ఎత్తలేదు. ఏటిసూతకం వెళ్ళాక వచ్చిన మొదటి కార్తీక పున్నమికి ఆయన స్వెట్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మోచేతి దగ్గర మా అమ్మ వేసిన రఫ్ఫు అలాగే ఉంది. కాగితం మీద ఏమీ రాయలేదు. దీపం పెట్టి, "నాన్నా, ఆ రోజు ఎత్తలేకపోయాను" అని పైకే అన్నాను. మర్నాడు పొద్దున ఆ స్వెట్టర్ మా వీధి చివర రాత్రి కాపలా ఉండే పెద్దాయనకు ఇచ్చాను. మూడు నెలలు రోజూ రాత్రి గేటు దగ్గర ఆ బూడిదరంగు కనిపించేది. బాధ పోలేదు. కానీ ఆ మధ్యాహ్నాన్ని మనసులో తిరగేసుకోవడం తగ్గింది.

మీరు చేయదలిస్తే ఇలా చేయండి. ముందు పంచాంగంలో తిథి ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. దీపానికి సాయంత్రం పున్నమి ఉండాలి. 2023లో నవంబర్ 27 మధ్యాహ్నమే పున్నమి వెళ్ళిపోయింది, అందుకే చాలామంది 26 సాయంత్రమే దీపాలు పెట్టి, 27 పొద్దున స్నానాలు చేశారు. విదేశాల్లో ఉన్నవాళ్ళు మీ ఊరి లెక్కతో వేసిన పంచాంగమే చూడండి. నదికి వెళ్ళలేకపోతే ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు చాలు. నదికి వెళితే మాత్రం దయచేసి థర్మాకోల్ పళ్ళాలు, ప్లాస్టిక్ దొన్నెలు వద్దు. రాజమండ్రి ఘాట్లలో మర్నాడు పొద్దున నీళ్ళ అంచున అవే తేలుతుంటే చూడలేం. అరటి దొప్ప దొరక్కపోతే ఆకు దొన్నె చాలు.

దేన్ని వదులుతున్నారో పేరు పెట్టి చెప్పండి. "నెగటివిటీ" అని కాదు. ఆ అప్పు, ఆ మాట, ఆ మనిషి. తర్వాత మీకున్నదాంట్లోంచి ఒకటి, మీకూ పనికొచ్చేదే, ఎవరికైనా ఇవ్వండి. అక్కడినుంచి చంద్రుడు రోజుకొక కళ తగ్గుతాడు. ఆ పదిహేను రోజులూ రోజుకొక చిన్న పని: ఒక పాత మెసేజ్, ఒక బీరువా అర, ఒక క్షమాపణ.

ఆ పదిహేను రోజులూ గడిచి అమావాస్య వెళ్ళిన తెల్లవారే పోలి పాడ్యమి. అత్త నదికి తీసుకెళ్ళకపోతే, కవ్వానికి అంటుకున్న వెన్నతో ఇంట్లోనే దీపం పెట్టి, ఎవరికీ కనబడకుండా బుట్ట బోర్లించిన చిన్నకోడలు పోలి కథ మీకు తెలిసే ఉంటుంది. స్వర్గం ఆమెకే దక్కింది. ఆ తెల్లవారుజామునే మామ్మ నన్ను లేపి కాలువకు తీసుకెళ్ళేది.

[దృశ్యం: మంచులో కాలువ. దూరంగా వంతెన. దీపాలు చిన్నవవుతున్నాయి.]

నాకు ఆ దొప్ప వంతెన కింద నుంచి వెళ్ళేదాకా చూడాలని ఉండేది. మామ్మ ఒక్కసారీ చూడలేదు. మూడుసార్లు నీళ్ళు తోసి, తడిసిన కుచ్చెళ్ళు పిండుకుని, నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కేది. "పద, చలేస్తోంది. కాఫీ పెట్టాలి" అనేది.