సి భాషలో ఫైలు: తెరవడం నుంచి మూసేదాకా

అందరికీ నమస్కారం.

ప్రోగ్రాము నడుస్తున్నంతసేపు మెమరీలో ఉండే విలువలు అది ముగియగానే పోతాయి కాబట్టి, నిలవాల్సిన వాటిని ఫైలులో రాయక తప్పదు. 1970ల తొలినాళ్లలో డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన సి భాషలో చదవడానికీ రాయడానికీ విడిగా కీవర్డులు, అంటే భాషలోనే భాగమైన ప్రత్యేక పదాలు, లేవు. ఆ పనులన్నీ లైబ్రరీ ఫంక్షన్లు చేస్తాయి. వాటి కోసమే ప్రోగ్రాము మొదట్లో ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ అనే హెడర్ ఫైలును చేరుస్తాం. ఈ ఫంక్షన్లలో చాలావరకు తిరిగి ఒక విలువను ఇస్తాయి. ఆ విలువను చూడకుండా ముందుకు సాగడం వల్లే ఫైళ్ల దగ్గర చాలా పొరపాట్లు జరుగుతాయని నా అభిప్రాయం.

ఫైలు పేరునూ మోడ్‌నూ ఇచ్చి ఎఫ్‌ఓపెన్‌ను పిలిస్తే, తెరిచిన ఫైలును సూచించే ఫైల్ పాయింటర్ వస్తుంది. చదవాలనుకున్న ఫైలు లేకపోయినా, దాన్ని తెరిచే అనుమతి లేకపోయినా వచ్చేది దేన్నీ సూచించని నల్ పాయింటర్. దాన్ని పరీక్షించకుండా వాడితే ప్రోగ్రాము ఎక్కడ, ఎలా కూలుతుందో చెప్పలేం. పరీక్షించి, పీఎర్రర్‌ను పిలిస్తే కారణం తెరమీద కనిపిస్తుంది. మోడ్‌లలో 'ఆర్' చదవడానికి, 'ఏ' చివరన చేర్చడానికి. 'డబ్ల్యూ' విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: ఆ పేరుతో అప్పటికే ఫైలు ఉంటే, మనం ఒక్క అక్షరం రాయకముందే, తెరిచిన క్షణంలోనే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఉన్న ఫైలు జోలికి పోకూడదనుకుంటే 'డబ్ల్యూ' పక్కన 'ఎక్స్' చేర్చే వీలును 2011 నాటి సి భాషా ప్రమాణం కల్పించింది.

ఇక చదవడం. ఒక ఫైలులో వరుసకు ఒకటి చొప్పున 10, 20, 30 ఉన్నాయనుకుందాం. ఎఫ్‌ఈఓఎఫ్ (ఫైలు ముగిసిందా అని చెప్పే ఫంక్షన్) నిజమయ్యేదాకా తిరిగే లూప్‌లో ఎఫ్‌స్కాన్ఎఫ్‌తో వాటిని చదివి కూడితే, 60 రావాల్సిన చోట 90 వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు ముందు తమ కూడికనే అనుమానిస్తారు. అసలు సంగతేమిటంటే, ఫైలు చివరికి చేరబోతున్నామని ఎఫ్‌ఈఓఎఫ్ ముందుగా చెప్పదు. చదవబోయి చివర తగిలాకే నిజమవుతుంది. 30 చదివాక కూడా వరుసను ముగించే న్యూలైన్ అక్షరం మిగిలే ఉంటుంది కనుక లూప్ మరోసారి తిరుగుతుంది, ఆ నాలుగో ప్రయత్నం విఫలమవుతుంది, చలరాశిలో పాత 30 అలాగే ఉండి రెండోసారి కలుస్తుంది. ఎఫ్‌స్కాన్ఎఫ్ ఎన్ని విలువలు చదవగలిగిందో ఆ సంఖ్యనే తిరిగి ఇస్తుంది కాబట్టి, అది 1 ఇచ్చినంతవరకే లూప్ తిప్పితే ఈ చిక్కు ఉండదు.

ఎఫ్‌గెట్‌సీ దగ్గర ఇలాంటిదే మరొకటి ఉంది. అది ఒక్కొక్క అక్షరమే చదివినా ఇచ్చే విలువ మాత్రం ఇంట్ (పూర్ణాంక) రకానిది. ఎందుకంటే 0 నుంచి 255 వరకు బైట్ విలువలన్నిటితో పాటు, వాటిలో దేనితోనూ కలవని ఈఓఎఫ్ అనే రుణసంఖ్యను కూడా అది ఇవ్వగలగాలి. దాన్ని ఒక్క బైటే పట్టే క్యార్ రకంలో దాచుకుంటే, కొన్ని యంత్రాల మీద 255 విలువగల బైట్‌నే ఫైలు ముగింపుగా భ్రమపడతాం, మరికొన్నిటి మీద లూప్ ఎన్నటికీ ఆగదు.

వరుసలు చదవడానికి ఎఫ్‌గెట్స్ ఉంది. బఫర్ (అక్షరాలను తాత్కాలికంగా ఉంచే మెమరీ భాగం) పరిమాణం చెప్పే వీలులేని పాత గెట్స్‌ను 2011 ప్రమాణం భాషనుంచే తొలగించింది.

రాయడంలో కంటికి కనిపించని మెట్టు ఒకటుంది. ఎఫ్‌ప్రింట్ఎఫ్ ఇచ్చిన అక్షరాలు సాధారణంగా వెంటనే ఫైలుకు చేరవు. ముందు బఫర్‌లో పోగవుతాయి, అది నిండినప్పుడో, ఎఫ్‌ఫ్లష్‌ను పిలిచినప్పుడో, ఎఫ్‌క్లోజ్‌తో మూసినప్పుడో ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందుతాయి. ప్రోగ్రాము మధ్యలో కూలిపోతే చివరి వరుసలు ఫైలులో కనిపించకపోవడానికి కారణం ఇదే. డిస్కులో చోటు లేదన్న సంగతి కూడా ఒక్కోసారి మూసేటప్పుడే బయటపడుతుంది. అందువల్ల రాసిన ఫైలును మూసినప్పుడు ఎఫ్‌క్లోజ్ 0 ఇచ్చిందో, ఈఓఎఫ్ ఇచ్చిందో చూసిన తరువాతే, ఫైలు భద్రమైందని వాడుకరికి చెప్పండి.