అర్జీలో రాయని కారణాలు

అందరికీ నమస్కారం.

లోపలికి వచ్చేముందు బయట టీ తాగుతుంటే ఒక కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. "సార్, గంటసేపు ఎందుకు, ఒక్క మాటలో చెప్పేయండి. అమెరికా ఇరాక్ మీదికి వెళ్లింది ఆయిల్ కోసమే కదా?" అన్నాడు. సగం నిజం, మిగతా సగం కావాలంటే లోపలికి రా అన్నాను. వచ్చాడు. వెనక వరుసలో ఫ్యాన్ కింద కూర్చున్నాడు, తెలివైనవాడే.

రాజంపేటలో ఈ విషయం మాట్లాడటం సులువు. కువైట్ ఎక్కడుందో మ్యాప్ పెట్టి చూపించక్కర్లేదు. 1990 ఆగస్టులో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించాక, అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు తిరిగొచ్చారు. వాళ్లలో ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ ఉన్నారు. 2003 మార్చి 20న అమెరికా ఇరాక్ మీద దాడి మొదలుపెట్టినప్పుడు కువైట్ మీద కూడా క్షిపణులు పడ్డాయి. అక్కడ పనిమనుషులుగా, డ్రైవర్లుగా ఉన్నవాళ్ల ఫోన్ కోసం ఇక్కడ ఎన్ని ఇళ్లు టెన్షన్‌తో ఎదురుచూశాయో నేను మీకు చెప్పక్కర్లేదు.

అప్పుడు అమెరికా చెప్పిన ముఖ్య కారణం ఇది: ఇరాక్ దగ్గర సామూహిక వినాశన ఆయుధాలున్నాయి. 2003 ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో కూర్చుని, తెల్ల పొడి ఉన్న చిన్న గాజు గొట్టాన్ని ఎత్తి చూపించాడు. లారీల మీద తిరిగే క్రిమి ఆయుధాల ప్రయోగశాలలు ఉన్నాయన్నాడు. ఆ లారీల కథకు ముఖ్య ఆధారం జర్మనీలో ఆశ్రయం పొందిన ఒక ఇరాకీ ఇంజినీరు. అమెరికన్లు అతనికి పెట్టుకున్న మారుపేరు కర్వ్‌బాల్. సద్దాంను దింపడానికి అబద్ధం చెప్పానని అతనే 2011లో ఒప్పుకున్నాడు. దేశమంతా జల్లెడ పట్టినా ఆయుధాల గుట్టలు దొరకలేదు.

అయితే అందరూ తెలిసే అబద్ధమాడారా? ఇక్కడ కొంచెం ఆగాలి.

ఊళ్లో రోడ్డు కోసం కలెక్టరుకు అర్జీ పెడతాం. సంతకం పెట్టిన వాళ్లలో ఒకడికి రోడ్డు పడితే పొలం రేటు పెరుగుతుంది. ఒకడికి కాంట్రాక్టు మీద కన్ను. ఇంకొకడికి సర్పంచ్‌ను ఇరుకున పెట్టాలి. ఒకరిద్దరికి నిజంగానే పిల్లల మీద బెంగ. అర్జీలో మాత్రం ఏం రాస్తాం? "బడిపిల్లలు బురదలో నడవలేక ఇబ్బంది పడుతున్నారు" అని. అది అబద్ధం కాదు. కాకపోతే అందరూ కాదనకుండా సంతకం పెట్టగలిగే వాక్యం అదొక్కటే.

అమెరికా రక్షణ శాఖలో రెండో స్థానంలో ఉన్న పాల్ వుల్ఫోవిట్జ్ 2003 మేలో ఒక పత్రికతో దాదాపు ఇదే మాట అన్నాడు. కారణాలు చాలా ఉన్నా, ప్రభుత్వంలో అందరూ ఒప్పుకోగలిగింది ఆయుధాల అంశం కాబట్టి దాన్ని ఎంచుకున్నామని. ఇంత నిజాయితీగా నోరు జారడం అరుదు.

మరి ఎవరికి ఏం కావాలి? సద్దాం దిగిపోతే మధ్యప్రాచ్యం అంతా ప్రజాస్వామ్యం బాట పడుతుందని వుల్ఫోవిట్జ్ లాంటివాళ్లు నమ్మారు. సద్దాంను తొలగించడం అమెరికా విధానమని 1998లో, అంటే క్లింటన్ హయాంలోనే, చట్టం చేసుకున్నారు. కోరిక పాతదే. రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ సెప్టెంబర్ 11 దాడులు జరిగిన రోజే సద్దాంను కూడా కొట్టవచ్చా అని వాకబు చేసినట్టు అతని సహాయకుడు రాసుకున్న నోట్స్‌లో ఉంది. అధ్యక్షుడు బుష్ "మా నాన్నను చంపాలని చూసినవాడు" అని బహిరంగంగానే అన్నాడు. పరాయి దేశంలో ఉంటున్న ఇరాకీ ప్రతిపక్ష నాయకుడు అహ్మద్ చలాబీకి బాగ్దాద్‌లో కుర్చీ కావాలి. బ్రిటన్ ప్రధాని బ్లెయిర్‌కు అమెరికా చెయ్యి వదలకూడదు. 2002 జులై 23న లండన్‌లో జరిగిన సమావేశపు నోట్స్ తర్వాత బయటపడ్డాయి. వాషింగ్టన్ వెళ్లొచ్చిన బ్రిటన్ గూఢచారి అధిపతి అక్కడ చెప్పింది ఇది: వాళ్లు నిర్ణయం ముందు తీసుకుని, సమాచారాన్ని దానికి తగ్గట్టు సర్దుతున్నారు. వీటన్నిటి అడుగున నిజమైన భయం కూడా ఉంది. మూడు వేల మంది ఒక్క పూటలో చనిపోయిన దేశం అది. ఆ భయాన్ని నాటకం అని నేను అనలేను.

ఇక ఆయిల్. వెనక వరుసలో బాబు నిటారుగా కూర్చున్నాడు. అప్పటి లెక్కల్లో ఇరాక్ నిల్వలు సుమారు 11,200 కోట్ల పీపాలు. బాగ్దాద్ పడిపోయాక అమెరికా సైనికులు ఆయిల్ మంత్రిత్వ శాఖకు కాపలా కాశారు, జాతీయ మ్యూజియం మాత్రం దోపిడీకి గురైంది. వేల ఏళ్ల నాటి వస్తువులు పోయాయి. దీన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు అనిపిస్తుంది. అయితే 2009లో ఇరాక్ ఆయిల్ క్షేత్రాలు వేలం వేసినప్పుడు అన్నిటికన్నా పెద్దదైన రుమైలా బ్రిటన్ కంపెనీకి, చైనా ప్రభుత్వ కంపెనీకి కలిపి దక్కింది. వెస్ట్ కుర్నాలో ఒక భాగం అమెరికన్లకు, ఇంకో భాగం రష్యన్లకు. కేవలం దోచుకోవడానికే వెళ్లి ఉంటే ఇంత చేతగాని దొంగతనం ఉండదు. నేననేది ఏమిటంటే, ఆయిల్ లేకపోతే ఇరాక్ మీద అన్నేళ్లు ఎవరి చూపూ ఉండేది కాదు. చూపు పడిందంటే ఆయిల్ వల్లే. చెయ్యి లేచింది మాత్రం వేరే ధైర్యంతో.

ఆ ధైర్యం గురించి చెప్పడానికే నేను వచ్చాను. 1991లో ఇదే సద్దాంను కువైట్ నుంచి వెళ్లగొట్టాక అప్పటి అధ్యక్షుడు, బుష్ తండ్రి, బాగ్దాద్ దాకా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని 1994లో అడిగితే, 1991లో రక్షణ మంత్రిగా ఉన్న డిక్ చేనీ చక్కగా వివరించాడు: వెళితే ఊబిలో దిగినట్టే, ఇరాక్ ముక్కలవుతుంది, సద్దాం కోసం ఇంకెంతమంది అమెరికన్లు చావాలి? అదే చేనీ ఉపాధ్యక్షుడయ్యాక, 2003 మార్చి 16న, మనల్ని విముక్తి ప్రదాతలుగా స్వాగతిస్తారు అన్నాడు. ఇరాక్ మారలేదు. సద్దాం నిజానికి ఇంకా బలహీనపడ్డాడు. మారింది ఖర్చు అంచనా. 1991 భూతల యుద్ధం వంద గంటల్లో ముగిసింది. 2001లో అఫ్గానిస్తాన్ మీద బాంబులు మొదలైన ఐదారు వారాలకే కాబూల్ చేతికొచ్చింది. ఇంకేం, ఇదీ అంతే అనుకున్నారు.

ఖర్చు ఎక్కువ అన్నవాళ్లకు ఏమైందో చూడండి. వైట్‌హౌస్ ఆర్థిక సలహాదారు లారీ లిండ్సే, 10 వేల నుంచి 20 వేల కోట్ల డాలర్ల దాకా అవుతుందని 2002 సెప్టెంబరులో అన్నాడు. డిసెంబరుకల్లా ఉద్యోగం పోయింది. చివరికి తేలిన లెక్క లక్ష కోట్ల డాలర్లు దాటింది, అంటే పాపం ఆయన చెప్పింది తక్కువే. ఆక్రమణ నిలబెట్టాలంటే కొన్ని లక్షల మంది సైనికులు కావాలని సైన్యాధిపతి షిన్సెకి సెనేట్ కమిటీకి చెబితే, రెండు రోజుల్లో వుల్ఫోవిట్జ్ ఆ మాట కొట్టిపారేశాడు. ఇరాక్ తన ఆయిల్ డబ్బుతో తానే బాగుపడుతుందన్నాడు. దాదాపు 4,500 మంది అమెరికా సైనికులు, లక్షల్లో ఇరాకీలు చనిపోయారు.

కాదనగలిగిన వాళ్లు లేరా? ఉన్నారు. ఇరాక్‌ను పగలగొడితే రెండున్నర కోట్ల మంది మన నెత్తిన పడతారని పావెలే బుష్‌కు ముందుగా చెప్పాడు. ఆర్నెల్లకు గాజు గొట్టం పట్టుకున్నదీ ఆయనే. 2002 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, యుద్ధానికి అనుమతిస్తూ ఓటేసింది. ప్రతినిధుల సభలో 296కు 133, సెనేట్‌లో 77కు 23. వచ్చే నెలలో ఎన్నికలు. నిఘా సంస్థల నివేదిక తొంభై పేజీల పైనే ఉంది. దాన్ని పూర్తిగా చదివిన సెనేటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందేనని తర్వాత అక్కడి పత్రికలే రాశాయి.

మన సంగతీ చెప్పాలి. 2003 ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఈ యుద్ధం మీద తీర్మానం చేసింది. ప్రతిపక్షం గట్టిగా ఖండించాలంది, ప్రభుత్వం విచారం లాంటి మెత్తని ఇంగ్లిష్ మాటతో సరిపెడదామంది. చివరికి హిందీలో "నిందా" అని రాసుకున్నారు. ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకోవచ్చు. (తెలుగులో నింద అంటే లేనిపోనిది అంటగట్టడం. పాపం బుష్‌కు ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే సంతోషించేవాడు.) అంటే మనమూ అర్జీ భాషలోనే రాశాం.

తర్వాత అమెరికా ఒక డివిజన్ సైన్యాన్ని పంపమని మనల్ని అడిగింది. వాజపేయి ప్రభుత్వం తర్జనభర్జన పడి జులై 14న కాదంది. ఐక్యరాజ్యసమితి నుంచి స్పష్టమైన ఆమోదం ఉంటే ఆలోచిస్తామని బయటికి చెప్పింది. లోపల మాత్రం కశ్మీర్‌లో సైన్యం తలమునకలై ఉంది, ఆ ఏడాది చివర్లో నాలుగు పెద్ద ఎన్నికలున్నాయి, శవపేటికలు దిగితే జవాబు చెప్పాలి, గల్ఫ్‌లో లక్షల మంది మనవాళ్లు ఉన్నారు. అర్జీలో ఇవేవీ లేవు. సైన్యం మాత్రం వెళ్లలేదు.