కత్తెర పట్టిన చేతుల సంగతి

సెలూన్లలో పనిచేసే మిత్రులందరికీ నమస్కారం.

2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్ల్ ఫ్రే, మైకేల్ ఆస్‌బోర్న్ కలిసి 702 వృత్తులకు జాతకం రాశారు. రాబోయే ఒకటి రెండు దశాబ్దాల్లో ఏ వృత్తిని కంప్యూటర్లు మింగేసే అవకాశం ఎంతన్నది వారి లెక్క. అందులో మగవారి జుట్టు, గడ్డం పని చేసే బార్బర్లకు పడిన అంకె 80 శాతం. జుట్టును కత్తిరించి అలంకరించే హెయిర్ డ్రెస్సర్లకు పడినది 11 శాతం. పట్టేది అదే కత్తెర, అదే దువ్వెన, నిలబడేది అదే అద్దం ముందు. జాతకాలు మాత్రం రెండు! రెండు పనులూ చేసిన నాలాంటివాడు ఏది నమ్ముకోవాలో వారు రాయలేదు.

పదేళ్లు దాటాయి. రోబో వచ్చి నా పక్క కుర్చీ వెనుక నిలబడలేదు. దీనికి కారణం ఈ గదిలో ఎవరిని అడిగినా చెబుతారు. తల కదులుతుంది. నడినెత్తిన సుడి ఎటు తిరిగిందో, మెడ వెనుక జుట్టు ఎటు వాలుతుందో, తడిసినప్పుడు ఎంత సాగుతుందో, ఆరాక ఎంత ముడుచుకుంటుందో ముందు వేళ్లకు తెలుస్తుంది, తర్వాతే కళ్లకు. చెవి పక్కన కత్తెర ఆడుతుండగా హఠాత్తుగా తుమ్మే మనిషి సంగతి సరేసరి.

అలాగని యంత్రం మన పనిని ఎన్నడూ తినలేదని అనుకోవద్దు. ఒకసారి తినేసింది. 1904లో కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు సేఫ్టీ రేజర్ మీద పేటెంట్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన సైనికులకు ఆ రేజర్లనే ఇచ్చింది. తిరిగి వచ్చినవారు ఇంట్లోనే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. రోజు విడిచి రోజు కుర్చీలో కూర్చునే మనిషి నెలకొకసారి కనిపించే మనిషి అయ్యాడు. వృత్తి పనైపోయిందని అప్పుడు ఎవరైనా అని ఉంటే తప్పుపట్టలేం. కానీ 1920ల్లో ఎవరూ లెక్కలో వేసుకోని సంగతి జరిగింది. ఆడవాళ్లు జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం మొదలుపెట్టారు. వారి జుట్టు చుట్టి, ముడిచి, అలంకరించడం వరకే తెలిసిన చాలామంది కేశాలంకరణ నిపుణులకు కత్తిరించడం రాదు. ఆ పని కోసం ఆడవాళ్లు బార్బర్ షాపుల ముందు వరుస కట్టారు.

1960ల్లో ఇలాంటి మలుపే మళ్లీ వచ్చింది. లండన్‌లో విడాల్ ససూన్ అనే హెయిర్ డ్రెస్సర్ జుట్టును జ్యామితి లెక్కన కత్తిరించాడు. కడిగి తల విదిలిస్తే చాలు, జుట్టు తన చోటికి తాను చేరుతుంది. ఆయనను మనం గురువుగా కొలుస్తాం, కొలవాలి కూడా. అయితే వారం వారం జుట్టు చుట్టి అమర్చే సెట్టింగ్ కోసం వచ్చే ఖాతాదారుకు అలా రావలసిన అవసరం లేకుండా చేసినవాడూ ఆయనే. ఖాళీ అయిన ఆ వారాలను క్రమంగా పూడ్చింది రంగు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కుదుళ్ల దగ్గర అసలు రంగు బయటపడగానే మనిషి తిరిగి వస్తాడు. వ్యాపారపరంగా ఇంతకన్నా నమ్మకమైన గడియారం మరొకటి లేదు.

పోయినదాని చోటికి ప్రతిసారీ మరొకటి వచ్చింది. అయితే ఈ చివరి బేరానికి మూల్యం మన చేతులు చెల్లిస్తున్నాయి. దాని దగ్గరికి వస్తాను. ముందు డబ్బు సంగతి.

1960ల్లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు ఒక చిక్కు ముడిని వివరించారు. కర్మాగారంలో ఒక కార్మికుడు గంటలో తయారుచేసే సరుకు ఏటేటా పెరుగుతుంది, అతని జీతమూ పెరుగుతుంది. నలుగురు వాయిద్యకారులు కలిసి వాయించే కచేరీకి వందేళ్ల క్రితం ఎంత సమయం పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది. అయినా బయట జీతాలు పెరుగుతుంటే వీరి జీతమూ పెరగక తప్పదు. కాబట్టి కచేరీ ఖర్చు ఎప్పటికప్పుడు పెరుగుతూనే ఉంటుంది. ఈ సిద్ధాంతాన్ని పాఠం చెప్పేటప్పుడు అధ్యాపకులు కచేరీ తర్వాత ఎత్తుకునే ఉదాహరణ హెయిర్ కట్టే. మన తాతలు అరగంటలో చేసిన క్రాఫు మనమూ అరగంటలోనే చేస్తున్నాం. ట్రిమ్మర్ వచ్చి కొంత కలిసొచ్చింది, అంతే.

ఇది మన అసమర్థత కాదు, ఈ పని స్వభావమే అది. అయినా మనం ధరల పట్టికను సమయం లెక్కన రాయం. మగవారికి ఇంత, ఆడవారికి ఇంత అని రాస్తాం. చెవుల దాకా ఉన్న జుట్టుకు ఇరవై నిమిషాలు, నడుము దాకా ఉన్న జుట్టుకు గంటన్నర పడుతుంది. అందులో ఆడా మగా అన్నదానికి సంబంధం ఏముంది? పక్క సెలూన్ ధర తగ్గిస్తే మనమూ తగ్గిస్తాం. ఆ తగ్గింపు అద్దెలోంచి రాదు, కరెంటు బిల్లులోంచి రాదు. తల కడిగే అమ్మాయి జీతంలోంచి, ఒక్కో మనిషికి కేటాయించిన నిమిషాల్లోంచి, చివరికి గ్లవ్స్ పెట్టెలోంచి వస్తుంది.

ఇప్పుడు చేతుల దగ్గరికి వద్దాం. జర్మనీలో ఒక నిబంధన ఉంది. రోజులో రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉంటే దాన్ని తడి పనిగా లెక్కించి, చర్మాన్ని కాపాడే ఏర్పాట్లు చేయాలి. సెలూన్‌లో కొత్తగా చేరినవారికి ఆ రెండు గంటలు మధ్యాహ్నంలోపే అయిపోతాయి, ఎందుకంటే తలలు కడిగే పని కొత్తవారిదే. షాంపూ చర్మంలోని జిడ్డును లాగేస్తుంది, వేళ్ల సందులు ఎర్రబడతాయి, పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోంచి రంగులోని పారా ఫినైలిన్ డయామిన్ అనే రసాయనం లోపలికి దిగుతుంది. ఒకసారి దానికి అలర్జీ ఏర్పడితే సాధారణంగా జీవితాంతం పోదు. బ్లీచ్ పొడిలోని పర్‌సల్ఫేట్లనే రసాయనాల సంగతి వేరు, అవి ఊపిరితిత్తులను పట్టుకుంటాయి. ఈ పనివారికి వచ్చే ఆస్తమాకు పేరుమోసిన కారణం అదే. నా కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు ఇప్పటికీ చలికాలంలో చిట్లుతాయి. నేర్చుకునే రోజుల్లో గ్లవ్స్ అడిగితే, వేళ్లకు జుట్టు తెలియాలి కదా అన్నారు. చాలా ఏళ్లు ఆ మాటే నిజమని నమ్మి నా శిష్యులకూ అదే చెప్పాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

2010లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ హెయిర్ డ్రెస్సర్, బార్బర్ వృత్తుల్లో ఎదురయ్యే రసాయనాల ప్రభావాన్ని బహుశా క్యాన్సర్ కారకం అనే తరగతిలో ఉంచింది. ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని దాని అర్థం కాదు, తేలిగ్గా తీసుకోవద్దని అర్థం. 2012లో ఐరోపాలో సెలూన్ యజమానుల సంఘం, కార్మికుల సంఘం కలిసి ఆరోగ్య రక్షణ మీద ఒప్పందం మీద సంతకాలు చేశాయి. యజమానులు, కార్మికులు ఒకే కాగితం మీద సంతకం పెట్టడమే అరుదు. కొన్ని పత్రికలు మాత్రం జారని చెప్పులు వేసుకోవాలన్న మాటను పట్టుకుని, ఎత్తు మడమల చెప్పుల మీద నిషేధమంటూ ఎగతాళి చేశాయి. ఆ ఒప్పందం చట్టంగా మారనేలేదు.

చేతులను కాపాడే సూచనల్లో నాకు బాగా నచ్చేది పైసా ఖర్చు లేనిది. రంగు వేశాక కత్తిరించడం మన అలవాటు. దాన్ని తిరగేసి, ముందు కత్తిరించి తర్వాత రంగు వేయండి. అప్పుడు రంగు అంటిన జుట్టు మన వట్టి వేళ్ల మధ్య గంటసేపు నలగదు. చివర్లు సరిచూడలేమని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది, కానీ చర్మం దానికన్నా విలువైనది.

ఇలా చేతులు పాడై మానేసేవారు వెళ్లిపోయాక వారి చోటికి ఎవరు వస్తున్నారు? సెలూన్‌లోని కుర్చీని పనివారికి అద్దెకిచ్చే పద్ధతి చాలా చోట్ల పెరిగింది. ఎవరి కుర్చీ వారిది, ఎవరి సంపాదన వారిది. స్వేచ్ఛ మంచిదే. కానీ అద్దెకున్నవాడు పక్కవాడికి కత్తెర పట్టడం నేర్పడు. నేర్పితే తన గంట పోతుంది. గురువు లేని సెలూన్‌లో ఫోనులోని వీడియోలే గురువులు. వీడియో కత్తెర కోణం చూపిస్తుంది కానీ, మీ మణికట్టును పట్టుకుని సరిచేయదు.

అదే ఫోను ఖాతాదారు చేతిలోనూ ఉంది. ఈ మధ్య కృత్రిమ మేధ గీసిన బొమ్మలు చూపించి అచ్చం ఇలాగే కావాలంటున్నారు. ఆ బొమ్మలో ఉన్నంత జుట్టు ఏ తల మీదా మొలవదు. పాత రంగు మీద పాత రంగు పేరుకున్న నల్లటి జుట్టును ఒకే పూటలో లేత బంగారు రంగుకు తేవాలంటే జుట్టు తెగుతుంది. కాదని చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలకు మన పట్టికలో ధర లేదు.

ఉంగరాలు తిరిగిన జుట్టు, దట్టంగా చుట్టుకున్న జుట్టు ఉన్నవారిని మాకు రాదంటూ తిప్పి పంపే సెలూన్లు ఇప్పటికీ ఉన్నాయి. బ్రిటన్ తన శిక్షణ ప్రమాణాల్లో ఆ జుట్టును చేర్చింది 2021లో, అంటే నిన్న మొన్న. సగం తలలను చూడకుండా పట్టా పుచ్చుకున్న మనం పూర్తి పనివాళ్లం ఎలా అవుతాం?

చివరిగా, కత్తెరతో పాటు మనం వాడే చెవుల గురించి. 2018లో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోని 52 బార్బర్ షాపుల్లో జరిగిన అధ్యయనం వెలువడింది. అధిక రక్తపోటు ఉన్న నల్లజాతి పురుషుల కోసం ఫార్మసిస్టులే షాపుకు వచ్చి మందులు సర్దారు. ఆరు నెలల్లో పై అంకె సగటున 27 పాయింట్లు తగ్గింది. బార్బర్ సలహా మాత్రమే అందిన షాపుల్లో 9 తగ్గింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2017 నుంచి గృహహింస బాధితులను గుర్తుపట్టడంలో ఒక గంట శిక్షణను మన వృత్తివారికి తప్పనిసరి చేసింది. వైద్యుడికి చెప్పనిది కుర్చీలో చెబుతారన్నది ప్రభుత్వాలకూ తెలిసింది. నాకిది గర్వంగానూ ఉంది, కొంచెం అనుమానంగానూ ఉంది. వినడం కూడా పనే అయితే దానికి పట్టే సమయానికి డబ్బు ఎవరు కడతారు? తొందరలో ఉన్న మనిషి వినలేడు. పదిహేను నిమిషాలకొక తల చొప్పున పంపే సెలూన్‌కు ఏ రోబో అయినా సరిపోతుంది, 80 శాతం అంకె అక్కడ నిజమవుతుంది.

ప్రశ్నలకు ముందు చిన్న పని. తలుపు దగ్గర బల్ల మీద నైట్రైల్ గ్లవ్స్ పెట్టెలు ఉన్నాయి. మూడు సైజులు. మీ చేతికి బిగుతుగా కాకుండా సరిగ్గా పట్టేది ఏదో వేసి చూసుకోండి, ఆ సైజు రాసిపెట్టుకోండి. ఒకసారి వాడినవాటిని కడిగి మళ్లీ తొడగవద్దు. వేళ్లు చిట్లినవారు నా దగ్గరికి రండి, చర్మవైద్యుడికి చూపించేటప్పుడు ఏ రంగు, ఏ షాంపూ వాడుతున్నారో ఎలా రాసుకుని వెళ్లాలో చెబుతాను.