బైపోలార్ ఉన్న పిల్లలకి మన మొహం ఎలా కనిపిస్తుంది?

(స్క్రీన్ మీద: ఏ ఎక్స్‌ప్రెషనూ లేని ఒకావిడ మొహం)

ఈవిడ కోపంగా ఉందా? లేదనే అంటారు మీరు, ఊరికే కెమెరా వైపు చూస్తోంది అంతే. అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ వాళ్ళు ఇలాంటి మొహాలే పిల్లలకి ఎఫ్ఎంఆర్ఐ స్కానర్లో, అంటే మెదడులో ఏ భాగం ఎంత యాక్టివ్‌గా ఉందో చూపించే మెషీన్లో, చూపించారు, 2006లో వచ్చిన స్టడీ. బైపోలార్ డిజార్డర్ (మూడ్ కొన్నాళ్ళు మరీ హుషారుగా, కొన్నాళ్ళు మరీ దిగులుగా మారిపోయే జబ్బు) ఉన్నవాళ్ళు 22 మంది, లేనివాళ్ళు 21 మంది, అంటే చిన్న స్టడీయే. ఈ మొహం ఎంత కోపంగా, పగగా ఉందో రేటింగ్ ఇవ్వు అంటే బైపోలార్ ఉన్న పిల్లలు ఎక్కువ ఇచ్చారు, చూస్తుంటే భయం కూడా ఎక్కువే వేసిందన్నారు, పైగా అదే టైంలో మెదడులో ముప్పుని పసిగట్టే అమిగ్డలా, ఎడమ వైపుది, ఎక్కువ యాక్టివ్ అయింది. అంటే పిల్లాడు నాటకాలాడట్లేదు, వాడికి నిజంగానే అలా కనిపిస్తోంది.

ఇంకో రకం టెస్టు ఉంది, మామూలు మొహం కొంచెం కొంచెంగా నవ్వులోకో దిగుల్లోకో మారుతుంటుంది, అదేంటో ఎప్పుడు కనిపెడతారో చూస్తారు. ఈ పిల్లలకి ఆ ఫీలింగ్ బాగా బయటపడేదాకా దొరకదు.

ఇప్పుడు ఇంట్లో చూడండి. అమ్మ కనుబొమలు ముడేసి ఫోన్లో ఏదో చదువుకుంటోంది. పిల్లాడొచ్చి "నా మీదెందుకు కోపం?" అంటాడు, "నాకేం కోపంరా" అంటుంది ఆవిడ కాస్త విసుగ్గా, ఆ విసుగుకి నిజంగానే మొహం మారుతుంది, ఇంకేముంది వాడికి రుజువు దొరికేసింది, అక్కణ్నుంచి అరుపులు, తలుపులు వెయ్యడాలు. చూసేవాళ్ళు మాత్రం పొగరు అనేస్తారు.

మేనియా (ఆ అతి హుషారు), డిప్రెషన్ లేకుండా మూడ్ నిలకడగా ఉన్నప్పుడు కూడా ఈ ఇబ్బంది కనిపించింది, తమకి జబ్బు లేకపోయినా అమ్మానాన్నల్లోనో తోబుట్టువుల్లోనో బైపోలార్ ఉన్న పిల్లల్లో కూడా. అలాగని మొహాలు అర్థం కాకపోతే బైపోలారే అని మీరే ఫిక్స్ అయిపోకండి ప్లీజ్, ఆటిజంలోనూ ఉంటుంది, ఎప్పుడూ విపరీతమైన చిరాకుతో ఉండే పిల్లల్లోనూ చూశారు, తేల్చాల్సింది సైకియాట్రిస్టే.

నన్నడిగితే మొహానికి మాట తోడివ్వాలి. "నాకు తలనొప్పిగా ఉంది, నీ మీద కోపం లేదు" అని పైకి చెప్పెయ్యండి, టీచర్లు కూడా అంతే, ఉత్త చూపుతో మందలిస్తే ఈ పిల్లలకి అది ఇంకోలా చేరొచ్చు. వాడు కోపం అన్నప్పుడు "కాదు" అని వాదించే బదులు "నా మొహంలో ఏం చూసి అలా అనిపించింది?" అని అడగండి, అది కూడా గొడవ మధ్యలో కాదు, ఇద్దరూ చల్లబడ్డాక.