చిన్న అణు రియాక్టరు మనకి పనికొస్తుందా? చెన్నై తెలుగు శ్రోతల ఫోన్-ఇన్

యాంకర్: మొదటి కాల్ ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) నుంచి. చెప్పండి సార్.

శ్రోత (షోళింగనల్లూరు): నమస్కారమండీ. మాది 400 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, నేను అసోసియేషన్ సెక్రటరీని. ఈబీ (విద్యుత్ బోర్డు) కరెంటు పోతే జనరేటరుకి డీజిల్ పోయలేక చస్తున్నాం. మొన్న జనరల్ బాడీలో ఒకాయన, చిన్న రియాక్టర్లు వస్తున్నాయట కదా, నాలుగు అపార్ట్‌మెంట్లు కలిసి ఒకటి పెట్టుకుంటే పోలా అన్నారు. నిజంగా కుదురుతుందా?

నిపుణుడు: లెక్క వేద్దాం సార్. ఎండాకాలం రాత్రి పదిన్నరకి ఏసీలన్నీ నడుస్తున్నా ఫ్లాటుకి సగటున 2 కిలోవాట్లు వేసుకోండి. మొత్తం 800 కిలోవాట్లు. మన బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) కరెంటు కోసం రూపొందిస్తున్న చిన్న రియాక్టర్లలో తక్కువ సైజుది 55 మెగావాట్లు. అంటే మీలాంటి అపార్ట్‌మెంట్లు దాదాపు 70 ఒకేసారి లాగాలి. పగలు పదకొండింటికి అందరూ ఆఫీసులకి పోయాక ఆ 70 కూడా చాలవు. రియాక్టరుకి కట్టే ఖర్చు భారీ, ఇంధనం ఖర్చు తక్కువ. తగ్గించి నడిపితే మిగిలేది స్వల్పం, వడ్డీ మాత్రం ఆగదు. అందుకే రాత్రీ పగలూ ఒకేలా లాగే ఉక్కు ఫ్యాక్టరీలకీ, అల్యూమినియం ఫ్యాక్టరీలకీ, డేటా సెంటర్లకీ అది సరిపోతుంది. కల్పాక్కంలో 30 కిలోవాట్ల కామిని రియాక్టరు ఉందిగా అంటారేమో, అది న్యూట్రాన్ పరీక్షలకి, కరెంటుకి కాదు.

శ్రోత: మరి మా డీజిల్ సంగతి?

నిపుణుడు: అది అడగండి, ఇవాళే చేయగలిగింది ఉంది. జనరేటరు బాగా లోడు మీద ఉంటే లీటరుకి మూడున్నర యూనిట్లు ఇస్తుంది. లీటరు 92 రూపాయలనుకుంటే యూనిట్‌కి 26 పైనే. పావు లోడు మీద నడిస్తే లీటరుకి వచ్చే యూనిట్లు ఇంకా తగ్గుతాయి. పైగా 30 శాతం లోపు గంటల తరబడి నడిస్తే డీజిల్ పూర్తిగా కాలక పొగగొట్టంలో మసి, నూనె తడి పేరుకుంటాయి. మీకు 800 కేవీఏ సెట్టు ఒక్కటే ఉంటే రాత్రి రెండింటికి లిఫ్టులూ కారిడార్ లైట్లకీ దాన్నే తిప్పుతున్నారు కదా? అక్కడే డబ్బు పోతోంది. లిఫ్టులు, నీళ్ళ పంపు, కామన్ లైట్లు, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి) బ్లోయరు ఒక ప్యానెల్‌కి విడగొట్టండి. అది 30 కిలోవాట్లయితే 100 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ రెండున్నర, మూడు గంటలు లాగుతుంది. కరెంటు అంతకంటే ఎక్కువసేపు పోతేనే జనరేటరు. కొనేముందు ఇన్వర్టరు లిఫ్టు స్టార్టింగ్ కరెంటుని తట్టుకుంటుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకోటి, బ్యాటరీని బేస్‌మెంట్‌లో మాత్రం పెట్టొద్దు. మీ ఏరియాలో వానలకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గుర్తుకి పైన ఉండాలి.

యాంకర్: తర్వాతి కాల్ మణలి నుంచి.

శ్రోత (మణలి): సార్, మాది కెమికల్ యూనిట్. 10 బార్ ఆవిరి గంటకి 10 టన్నులు కావాలి. ఇప్పుడు ఫర్నెస్ ఆయిల్ కాలుస్తున్నాం. రియాక్టరు ఆవిరి మాకు పనికొస్తుందా?

నిపుణుడు: ఉష్ణోగ్రత వరకూ పనికొస్తుంది. మీ 10 బార్ ఆవిరి 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీటితో చల్లబడే రియాక్టర్లు 250 నుంచి 290 డిగ్రీల ఆవిరి ఇస్తాయి. అంతకంటే వేడి కావాలంటే హీలియం వాయువుతో చల్లబడేవి ఉన్నాయి. చైనాలో 2023 డిసెంబర్‌లో వాణిజ్యానికి వచ్చిన షిదావ్‌వాన్ రియాక్టరులో వాయువు 750 డిగ్రీలతో బయటికొస్తుంది. కానీ మీ అవసరం దాదాపు 7 మెగావాట్ల వేడి. 55 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టరులో పుట్టే వేడి సుమారు 180 మెగావాట్లు. ఆవిరిని కొన్ని కిలోమీటర్లకి మించి పైపుల్లో పంపితే వేడి నష్టం, ఆవిరి చల్లబడి నీరుగా (కండెన్సేటు) చేరే గొడవ. కాబట్టి అంత దగ్గర్లోనే మీలాంటి వాళ్ళు ఇరవై మందైనా కావాలి.

శ్రోత: రేడియేషన్ మా ఆవిరిలోకి రాదా?

నిపుణుడు: మధ్యలో ఇంకో నీటి వలయం పెడతారు. దాని ఒత్తిడి రియాక్టరు వైపు ఆవిరి కంటే ఎక్కువగా ఉంచుతారు. ట్యూబు చిల్లు పడితే శుభ్రమైన నీళ్ళు అటు పోతాయి తప్ప అటువి ఇటు రావు. ఒప్పందంలో ఆ ఒత్తిడి తేడా ఎంత, తగ్గితే ఎన్ని సెకన్లలో వాల్వు మూసుకుంటుంది అన్నవి అంకెల్లో అడగండి.

మణలికి అసలు చిక్కు స్థలం. మన అణు నియంత్రణ మండలి 2014 నాటి స్థల నియమావళి ప్రకారం కనీసం ఒక కిలోమీటరు వ్యాసార్థంలో జనం ఉండకూడదు. అంటే దాదాపు 775 ఎకరాలు. పక్కన గ్యాసు, పెట్రోకెమికల్ ట్యాంకులుంటే పేలుడు, విషవాయువుల లెక్క కూడా తేలాలి. నాకైతే మణలి లోపల కుదిరేలా లేదు.

నీళ్ళ మాటకొస్తే, కూలింగ్ టవరు పెడితే యూనిట్‌కి రెండున్నర లీటర్లు ఆవిరవుతాయి. 55 మెగావాట్లకి రోజుకి 33 లక్షల లీటర్లు. టవరులో ఉప్పు పేరుకోకుండా కొంత నీరు వదిలేయాలి, నాలుగు రెట్లు చిక్కబడ్డాక వదిలేస్తే మొత్తం 44 లక్షలు. 12,000 లీటర్ల టాంకర్లయితే 360 పైమాటే! కొడుంగయ్యూరులో రోజుకి 450 లక్షల లీటర్ల మురుగునీరు శుద్ధి చేసి మీ పరిశ్రమలకే ఇస్తున్నారు కదా, అందులో పదోవంతన్నమాట. అమెరికాలో అరిజోనా ఎడారిలోని పాలో వెర్డే రియాక్టర్లు నడిచేది శుద్ధి చేసిన మురుగునీటితోనే. క్లోరైడు, సిలికా అదుపు తప్పితే మాత్రం కండెన్సర్ ట్యూబులు గుంటలు పడతాయి, పూడుకుపోతాయి.

యాంకర్: మామల్లపురం నుంచి ఒక అక్క లైన్లో ఉన్నారు.

శ్రోత (మామల్లపురం): కల్పాక్కం మాకు దగ్గరే సార్. చిన్నదైతే ప్రమాదం కూడా చిన్నదే అంటున్నారు. నమ్మొచ్చా?

నిపుణుడు: సగం నమ్మొచ్చమ్మా. రియాక్టరు ఆపినా వేడి వెంటనే ఆగదు. ఆపిన క్షణాన పూర్తి వేడిలో 6, 7 శాతం మిగిలే ఉంటుంది, గంట తర్వాత ఒకటిన్నర శాతం దాకా, రోజు తర్వాత అర శాతం దాకా దిగుతుంది. ఫుకుషిమాలో 2011లో కరెంటు పోయి ఆ మిగులు వేడిని తీసేవాళ్ళు లేకే ఇంధనం కరిగింది. ఇందాకటి 180 మెగావాట్ల దానికి ఆ అర శాతం 0.9 మెగావాట్లు, అంటే గంటకి దాదాపు టన్నున్నర నీళ్ళని మరిగించే వేడి. పైన రెండు వేల టన్నుల ట్యాంకు ఉంటే పంపు లేకుండా వారాలు గడుస్తాయి. చిన్నవాటి బలం ఇదే.

శ్రోత: మిగతా సగం?

నిపుణుడు: పంపు లేని వ్యవస్థ కూడా చెడుతుందమ్మా. వాల్వు తెరుచుకోకపోవచ్చు, పైపు వంపులో వాయువు చేరి నీటి ప్రవాహం ఆగొచ్చు, హీట్ ఎక్స్‌ఛేంజరు మీద పాచి పట్టొచ్చు. పైగా ఒకే చోట నాలుగు మాడ్యూళ్ళు (చిన్న రియాక్టర్లు) పెడితే ఒక్క ఉప్పెనకి నాలుగూ దొరుకుతాయి. ప్రజాభిప్రాయ సేకరణకి వెళితే మూడడగండి: ట్యాంకు ఎన్ని రోజులకి చాలు, వాల్వులు ఎన్నాళ్ళకోసారి పరీక్షిస్తారు, వాడేసిన ఇంధనం ఎన్నేళ్ళు అక్కడే నీళ్ళ కొలనులో ఉంటుంది.

యాంకర్: ఆఖరి కాల్, ఆవడి.

శ్రోత (ఆవడి): సార్, మినీ రియాక్టరు కంపెనీలో 2 లక్షలు పెడితే రెండేళ్ళలో రెట్టింపని ఒకాయన వాట్సాప్ పంపారు.

నిపుణుడు: పెట్టొద్దు. 2025 బడ్జెట్‌లో ప్రభుత్వం చిన్న రియాక్టర్ల పరిశోధనకి 20,000 కోట్లు ప్రకటించి, కనీసం ఐదింటిని నడపడానికి పెట్టుకున్న గడువే 2033. రెండేళ్ళలో లాభం ఎక్కణ్ణుంచి వస్తుంది? అమెరికాలో యూటా విద్యుత్ సంస్థల చిన్న రియాక్టర్ల ప్రాజెక్టులో మెగావాట్-గంట అంచనా 58 డాలర్ల నుంచి 89కి పెరిగి 2023 నవంబర్‌లో మూతపడింది. రష్యాలో పెవెక్ రేవులో ఒక్కోటి 35 మెగావాట్ల జంట 2020 నుంచి తేలే నౌక మీద నడుస్తోంది, అదీ ప్రభుత్వ సంస్థదే. మీకు పంపినాయన్ని ఒక్కటే అడగండి: స్థలం, నిర్మాణం, కమిషనింగ్, నడపడం, ఈ నాలుగు దశల్లో అణు నియంత్రణ మండలి అనుమతి ఏది ఉంది? ఆ కాగితం నంబరు చెప్పమనండి. చెప్పకపోతే ఆ మెసేజీ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.