పక్కూరి పంతం లేని పదమూడేళ్లు

అందరికీ నమస్కారమండీ. ఇవాళ టెక్సాస్‌లో కాలేజ్ ఫుట్‌బాల్ గురించి చెప్పుకుందాం. కాలితో తన్నే ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడే అమెరికన్ ఫుట్‌బాల్. ఇక్కడ కాలేజీ టీములు కాన్ఫరెన్స్ అనే కూటముల్లో ఉంటాయి, ఎవరు ఎవరితో ఆడాలి, టీవీ డబ్బులు ఎలా పంచుకోవాలి, చాలావరకు ఆ కూటమే చూసుకుంటుంది.

ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, కాలేజ్ స్టేషన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం, మధ్యలో వంద మైళ్లే. 1894 నుంచి దాయాదుల పోరు, చాలా ఏళ్లు థ్యాంక్స్‌గివింగ్ పండగ పూటే ఆడేవాళ్లు. అన్న ఆస్టిన్‌లో, చెల్లెలు కాలేజ్ స్టేషన్‌లో చదివితే ఆ రోజు భోజనాల దగ్గర ఒకటే గోల, డాలస్, హ్యూస్టన్‌లలో మన తెలుగు ఇళ్లల్లోనూ అంతే. కానీ 1999లో, మ్యాచ్ ముందు వెలిగించే బాన్‌ఫైర్ కోసం ఏ అండ్ ఎంలో పేర్చిన దుంగలు (మన భోగిమంట లాంటిదే, కాకపోతే మేడంత ఎత్తు) కూలి 12 మంది చనిపోతే, వారం తర్వాత జరిగిన ఆటలో ఆస్టిన్ బ్యాండ్ పిల్లలు టోపీలు తీసి నిలబడ్డారు. పంతం ఉన్నచోటే ఆ దగ్గరితనం కూడా ఉంది.

2011లో ఆస్టిన్ యూనివర్సిటీకి (ఇక్కడ అందరూ టెక్సాస్ అనేది ఈ టీమునే) సొంత టీవీ ఛానెల్ వచ్చింది, ఈఎస్‌పీఎన్ అనే స్పోర్ట్స్ ఛానెల్ వాళ్లతో 20 ఏళ్లకి 30 కోట్ల డాలర్ల ఒప్పందం. అది ఏ అండ్ ఎం వాళ్లకి మింగుడుపడలేదు, 2012లో రెండు టీములూ ఉన్న బిగ్ 12 కూటమి వదిలేసి ఎస్‌ఈసీ అనే పెద్ద కూటమికి వెళ్లిపోయారు. దాంతో టెక్సాస్‌తో ఏటా ఆడే ఆట ఆగిపోయింది. మొదటి సీజన్లోనే అలబామాని వాళ్ల ఊళ్లోనే 29-24తో కొట్టొచ్చారు, వాళ్ల ఆటగాడు జానీ మాన్‌జెల్‌కి హైస్మన్ ట్రోఫీ (ఏటా కాలేజ్ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చేది) వచ్చింది, తర్వాత స్టేడియంని లక్షమందికి పైగా పట్టేలా పెంచారు. అభిమానం తగ్గిందని ఎవరూ అనలేరు.

అయినా టికెట్ల లెక్కలో కనపడని నష్టం ఒకటుంది. 2014 నుంచి 2023 దాకా ఏ అండ్ ఎం ఏటా తప్పకుండా ఆడాల్సిన టీముల్లో వెయ్యి మైళ్ల అవతలి సౌత్ కరోలినా ఒకటి, వాళ్ల ఫ్యాన్ మన ఆఫీసులో ఉండడు, గుళ్లో కనపడడు, సోమవారం పొద్దున్నే ఏడిపించడానికి మనిషే లేడు. 2012లో చేరిన పిల్లలు నాలుగేళ్లు చదివేసి, టెక్సాస్‌తో ఆట ఒక్కసారి కూడా చూడకుండానే డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయారు, నాకు అన్నిటికంటే బాధ అనిపించేది ఇదే. రెండు కాలేజీల పాటల్లోనూ అవతలి వాళ్ల పేరుంది, ఆ 13 ఏళ్లూ తాము ఆడని టీముకి గుడ్‌బై అని పాడుతూనే ఉన్నారు పాపం.

మా వీధిలో ఎదురెదురు ఇళ్లు, ఒక ఇంటికి ఏ అండ్ ఎం మెరూన్ జెండా, ఒక ఇంటికి టెక్సాస్ ఆరెంజ్ జెండా. జెండాలు ఏ ఏడూ దిగలేదు, కానీ పండగ పూట రోడ్డు దాటి వెళ్లి పందెం వేసుకోవడం ఆగిపోయింది. 2024లో టెక్సాస్ కూడా ఎస్‌ఈసీలోకి వచ్చింది, నవంబర్ 30న మళ్లీ కాలేజ్ స్టేషన్‌లోనే ఆట పెట్టారు, టెక్సాస్ 17-7తో గెలిచింది. ఆ సాయంత్రం మెరూన్ ఇంటాయన కుర్చీ మోసుకుని ఎదురింటి గ్యారేజ్‌కి వెళ్లాడండీ, ఓడిపోయాక కూడా చాలాసేపటిదాకా వెనక్కి రాలేదు.